అడగకుండా చెప్పిన సరే: నలభై అయిదేళ్ళకు వృత్తి మార్చిన భర్త, పక్కన నిలబడిన భార్య

మాధవిగారు ఫోన్ చేసింది భర్త కోసం. "మావారికి కౌన్సెలింగ్ కావాలి మేడమ్, పది రోజులుగా సరిగ్గా మాట్లాడటం లేదు" అన్నారు. ఇద్దరూ కలిసి వస్తేనే చూస్తానన్నాను. 2023 జూలైలో మొదలుపెట్టి మొదట వారం వారం, తర్వాత నెలకోసారి, దాదాపు రెండేళ్ళు ఈ జంటను చూశాను. పేర్లు మార్చాను, గుర్తుపట్టగల వివరాలు కొన్ని మార్చాను. ఇద్దరూ చదివి ఒప్పుకున్నాకే రాస్తున్నాను.

శ్రీధర్‌గారికి అప్పటికి నలభై అయిదు. ఊరు ప్రొద్దుటూరు. ఇరవై రెండేళ్ళు ఐటీలో చేశారు, చివరి తొమ్మిదేళ్ళు ఒకే కంపెనీలో డెలివరీ మేనేజరు. 2022 నవంబరులో మానేసి, 2023 జనవరి నుంచి బెంగళూరులోనే ఒక కాలేజీలో బి.ఇడి. చదువుతున్నారు. లెక్కల టీచరు కావాలని. మాధవిగారికి నలభై ఒకటి, నెల్లూరు అమ్మాయి, మారతహళ్ళి దగ్గర ఒక కంపెనీలో పేరోల్, అంటే ఉద్యోగుల జీతాల లెక్కలు, చూస్తారు. తొమ్మిదో తరగతి కూతురు, అయిదో తరగతి కొడుకు. వైట్‌ఫీల్డ్‌లో అప్పు తీరని ఫ్లాటు.

పది రోజుల మౌనం ఒక గృహప్రవేశం దగ్గర మొదలైంది. హోస్కోటె వైపు బంధువుల కొత్త ఇల్లు. భోజనాల దగ్గర మాధవిగారి పెదనాన్న కొడుకు, "ఏం బావా, ఇప్పుడు ఏ కంపెనీ?" అన్నాడు. శ్రీధర్‌గారు నోరు తెరిచేలోపే ఈవిడ, "మీ బావ ఇప్పుడు కన్సల్టింగ్ చేస్తున్నారు" అనేశారు. అంతే. కారులో మాట లేదు, ఇంట్లో మాట లేదు.

నా ముందు కూర్చున్నాక ఆయన అన్నది: "నేనేదో తప్పు చేసినట్టు దాస్తోంది." ఆవిడ అన్నది: "నలుగురిలో ఆయన పరువు కాపాడాను మేడమ్. థాంక్స్ చెప్పకపోతే పోయె, ఈ మౌనం ఏంటి?"

ఆ సెషన్‌లో ఇద్దరూ చెప్పింది నిజమే. వృత్తి మార్చుకున్న మనిషికి బయట ఎదురయ్యే ప్రశ్నను భార్య తన మీద వేసుకుంది. దానితో ఆయన ఎంచుకున్న పని చెప్పుకోదగింది కాదని కూడా తేల్చేసింది. సాయం చేశాననుకున్న చోటే దెబ్బ తగిలింది. ఇలాంటివి ఇంకా ఎన్ని ఉన్నాయో వెతకడమే మొదటి నెలలో నా పని అయింది.

ఉద్యోగం మానేసిన మనిషిని చూసేటప్పుడు నాకు మొదట తేలాల్సింది, ఆయన దేనికోసమో వెళ్తున్నారా, దేన్నుంచో పారిపోతున్నారా అన్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్నవుట్‌ను (పని ఒత్తిడితో పూర్తిగా అలసిపోవడాన్ని) జబ్బుగా కాక, పని నుంచి పుట్టే స్థితిగా తన జబ్బుల వర్గీకరణ ఐసీడీ-11లో చేర్చింది. ఆ స్థితిలో తీసుకున్న నిర్ణయాలు కొంత విశ్రాంతి దొరకగానే మారిపోవడం చూస్తుంటాను. శ్రీధర్‌గారి విషయం అలా కనిపించలేదు. కోవిడ్ రోజుల్లో అపార్ట్‌మెంటు క్లబ్‌హౌసులో కూతురికీ, ఆమె స్నేహితులకూ, వాచ్‌మన్ కొడుక్కీ శనివారాలు లెక్కలు చెప్పడం మొదలుపెట్టారు. లాక్‌డౌన్ అయిపోయి, పిల్లలు బళ్ళకు వెళ్ళిపోయాక కూడా వాచ్‌మన్ కొడుకు వస్తూనే ఉన్నాడు, ఈయన చెబుతూనే ఉన్నారు. రెండేళ్ళు ఎవరూ అడగకుండా, డబ్బు లేకుండా చేసిన పని అది. నాకు అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

ఇద్దరికీ పీహెచ్‌క్యూ-9 ఇచ్చాను. గడిచిన రెండు వారాల మనఃస్థితి మీద తొమ్మిది ప్రశ్నలు, మొత్తం 27 మార్కులు, పది, ఆపైన వస్తే జాగ్రత్తగా చూడాలి. ఆయనకు 6 వచ్చింది. ఆవిడకు 13. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన గురించి అడిగే తొమ్మిదో ప్రశ్నకు ఇద్దరిదీ సున్నా. ఆవిడకు ఎక్కువ మార్కులు పడింది నిద్ర దగ్గర, అలసట దగ్గర.

"కౌన్సెలింగ్ కావాల్సింది ఆయనకు కదా మేడమ్" అన్నారు కాగితం చూసి.

ఇలాంటి కేసులు చూసే తోటి కౌన్సెలర్లకు నేను గట్టిగా చెప్పే మాట ఇదే: వృత్తి మారుతున్న మనిషిని పరీక్షించి, పక్కనున్న మనిషిని "సపోర్ట్ సిస్టమ్" అని ఫైల్లో రాసుకుని వదిలేయకండి.

ఆవిడ నిద్ర ఎందుకు పోయిందో మూడో సెషన్లో బయటపడింది, అదీ ఆవిడను ఒంటరిగా చూసినప్పుడు. శ్రీధర్‌గారికి బీపీ, షుగరు. కంపెనీ గ్రూపు మెడిక్లెయిమ్ చివరి పనిరోజుతో ఆగిపోయింది. మాధవిగారి కంపెనీ పాలసీలో భర్తను చేర్చొచ్చు, కానీ వాళ్ళ రూలు ప్రకారం కొత్తగా పెళ్ళయినా బిడ్డ పుట్టినా తప్ప మధ్యలో చేర్చరు, ఏప్రిల్ రెన్యూవల్ దాకా ఆగాలి. అంటే డిసెంబరు నుంచి మార్చి దాకా ఆయనకు ఏ బీమా లేదు. పేరోల్ మనిషికి ఇది తెలియకపోవడమేంటి? తెలుసు. ఆయనకు చెబితే చదువు మీద మనసు పెట్టలేరని చెప్పలేదు. నాలుగు నెలలు ఆయన మెట్లెక్కి ఆయాసపడితే లెక్క పెట్టుకున్నారు. ఏప్రిల్లో పేరు చేరింది, నిద్ర మాత్రం తిరిగి రాలేదు.

ఆయన ముందే కనుక్కుని ఉంటే, గ్రూపు పాలసీ నుంచి అదే బీమా కంపెనీ వ్యక్తిగత పాలసీలోకి మారే వీలు ఉండేది, పాత జబ్బులకు బీమా వర్తించేదాకా ఆగాల్సిన వెయిటింగ్ పీరియడ్‌లో అప్పటికే గడిచింది కూడా లెక్కలోకి వచ్చేది. మానేసే ముందు చేసుకోవాల్సిన పని. రోజూ ఉద్యోగం మానేసిన ఊళ్ళోవాళ్ళ ఆఖరి లెక్కలు, ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్లు, కట్టే ఆవిడ ఇంట్లో ఆ ఫైలు తెరవలేదు, ఆయన అడగలేదు.

మరి మొదట్లో ఏం మాట్లాడుకున్నారు? "ఒక్క నిమిషం పట్టలేదు మేడమ్ నాకు సరే అనడానికి" అన్నారు మాధవిగారు, కొంచెం గర్వంగానే. దేనికి సరే అన్నారో విడివిడిగా అడిగితే తేడా కనబడింది. 2022 ఉగాది రోజుల్లో శ్రీధర్‌గారు చెప్పిన ప్లాను, ఉద్యోగం చేస్తూనే దూరవిద్యలో బి.ఇడి. పూర్తిచేయడం. తర్వాత ఆయన వాకబు చేస్తే తేలింది, ఇగ్నో లాంటి చోట ఆ కోర్సు ఇప్పటికే టీచరు శిక్షణ పొందినవాళ్ళకే గానీ ఐటీ మనిషికి కాదని. రెగ్యులర్ కోర్సే గతి. జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2014 నిబంధనల ప్రకారం అది రెండేళ్ళు, తరగతులకు ఎనభై శాతం హాజరు, ఇరవై వారాల స్కూలు ఇంటర్న్‌షిప్. ఇంజనీరింగ్ వాళ్ళకు 55 శాతం మార్కులుండాలి, అది ఆయనకు ఉంది. ఉద్యోగంతో కుదిరే చదువు కాదు. అప్పుడు రాజీనామా పెట్టారు, తొంభై రోజుల నోటీసు మొదలైంది. ఆ మార్పు భార్యకు వార్తలా చెప్పారు, అడగలేదు. ముందే సరే అంది కదా అని ఆయన ధైర్యం. ముందే సరే అన్నాను కదా, ఇప్పుడెలా కాదంటానని ఆవిడ మొహమాటం.

జీతం పోకుండా నడిచే ప్లానుకు చెప్పిన సరే, జీతం లేని ప్లానుకు వాడేశారు. నా దృష్టిలో ఈ కేసు మొత్తం ఇక్కడే ఉంది.

ఇలాంటి జంటలతో మూడు తరాల కుటుంబ పటం గీయిస్తాను. ఎవరు ఏ పని చేశారు, ఎవరు మానేశారు, అప్పుడు ఇంట్లో ఏం జరిగింది. శ్రీధర్‌గారి నాన్న జిల్లా పరిషత్ హైస్కూలు హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. కొడుకు టీచరవుతాడంటే పొంగిపోతారనుకుంటాం కదా. "నేను సుద్దముక్క పట్టుకునింది నువ్వు పట్టుకోకూడదనేరా" అన్నారట ఫోన్లో, ఆ తర్వాత మనవరాలితో తప్ప మాట్లాడటం మానేశారు. శ్రీధర్‌గారు దీన్ని నవ్వుతూ చెప్పారు. నవ్వడం ఆయనకు బాగా అలవాటు.

మాధవిగారి వైపు పటంలో ఒకచోట పెన్సిలు ఆగింది. వాళ్ళ నాన్న సొసైటీలో గుమాస్తా. తొంభైల మొదట్లో నెల్లూరు తీరంలో వరిపొలాలు రొయ్యల చెరువులవుతున్న రోజుల్లో ఉద్యోగం మానేసి, అప్పు తెచ్చి, కౌలుకు చెరువులు తీసుకున్నారు. 1994లో తెల్లమచ్చ వైరస్ వచ్చింది. చెరువు చెరువే తుడిచిపెట్టుకుపోయింది. ఈవిడకప్పుడు పన్నెండేళ్ళు. అమ్మ ఆ రోజుల్లో ఒక్క మాట అనలేదట. నాంతాడు కూడా తాకట్టుకు వెళ్ళింది, మెడలో పసుపుతాడు మిగిలింది. "అమ్మ చాలా గొప్పది మేడమ్" అన్నారు.

నేను ఏమీ అనలేదు. శ్రీధర్‌గారికి పదహారేళ్ళ కాపురంలో రొయ్యల సంగతి తెలుసు, తాళి సంగతి తెలియదు. ఆయన ఆవిడ వంక తిరిగి, "మరి నాకెందుకు చెప్పలేదు నువ్వు?" అన్నారు. ఆవిడకు కోపం వచ్చింది. "అది వేరు, ఇది వేరు. మా నాన్నతో మీకు పోలికేంటి?"

అదీ నిజమే. చిన్ననాటి గాయం దొరికింది, ముడి విడిపోయిందని నేను నమ్మను. ఆ కోపాన్నే పట్టుకుని, తేడాలేంటో ఇద్దరినీ చెప్పమన్నాను. మాధవిగారి నాన్న అప్పు చేసి దిగారు, శ్రీధర్‌గారు అలా చేయలేదు. ఆయనకు వెనక్కి వెళ్ళడానికి ఉద్యోగం లేదు, ఈయనకు ఉంది, ఇంకొన్నాళ్ళ దాకా అయినా. ఆయన ఎంతవరకు పోగొట్టుకుంటే ఆపేయాలో ఎవరూ గీత గీయలేదు. ఈ ఆఖరి మాట మాధవిగారే అన్నారు. అక్కణ్ణుంచి డబ్బు సంగతికి దారి దొరికింది.

తర్వాతి సెషన్‌కు ఆవిడను ఆఫీసులో చేసే పనే చేసి తెమ్మన్నాను. శ్రీధర్‌గారు ఒక ఉద్యోగి, ఆయన లెక్క తేల్చాలి. ఎక్సెల్ షీటుతో వచ్చారు, నేను ఊహించిన దానికంటే ఉత్సాహంగా. గ్రాట్యుటీకి లెక్కించే బేసిక్ జీతం 1,10,000, దాన్ని 15తో గుణించి 26తో భాగించి తొమ్మిదేళ్ళకు 5.71 లక్షలు, వచ్చేసింది. పీఎఫ్ ముట్టుకోరు. పదేళ్ళ సర్వీసు దాటింది కాబట్టి యాభై ఎనిమిదికి పీఎఫ్‌తో కలిసి నడిచే ఈపీఎస్ పథకం కింద పింఛను హక్కు ఉంది, ఆ పత్రాలు భద్రం చేయాలి. శ్రీధర్‌గారి అమ్మానాన్నలకు బీమా బెంగ లేదు, నాన్నగారు పెన్షనరు కాబట్టి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ వైద్య పథకం ఈహెచ్‌ఎస్ కార్డుంది. అన్నీ కలిపి చేతికందే డబ్బు 19 లక్షలు. నెల ఖర్చు ఈఎంఐతో సహా 1,55,000. ఆవిడ జీతం 92,000. నెలకు 63,000 తరుగు.

ఎంతకు దిగితే భయం మొదలవుతుందని ఆవిడను అడిగాను. ఆరు నెలల ఖర్చు, అంటే 9.3 లక్షలు, ఎప్పుడూ కదలకూడదన్నారు. అది తీసేస్తే మిగిలింది పదిహేను నెలలకు సరిపోతుంది. కోర్సు పూర్తవడానికి ఇంకా పద్దెనిమిది నెలలు. శ్రీధర్‌గారి మొహం వాడిపోయింది. "ఏం కాదులే, చూసుకుందాం" అన్నారు.

ఈ మాటను ఇంట్లో నిషేధించాను. నిజంగానే. ఆదివారం పొద్దున ఇరవై నిమిషాలు కూర్చోవాలి, ఆవిడ భయాలు చెప్పాలి, ఆయన సర్దిచెప్పకూడదు, పరిష్కారం చెప్పకూడదు, వినాలి, చివర్లో ఒక్క ప్రశ్న అడగొచ్చు. డెలివరీ మేనేజరుకు ఇది బి.ఇడి. కంటే కష్టమైంది. మొదటి ఆదివారం ఏడు నిమిషాలకే లేచి కాఫీ పెట్టడానికి వెళ్ళారట.

ఆ ఆదివారాల్లోనే వంటమనిషి సంగతి వచ్చింది. ఉద్యోగం మానేసిన నెలలోనే మాధవిగారు వంటమనిషిని మాన్పించారు, నెలకు ఆరు వేలు మిగులుతుందని. పొద్దున అయిదున్నరకు లేచి రెండు పూటలకూ వండి, రాత్రి ఏడున్నరకు ఇల్లు చేరి గిన్నెలు చూసుకునే పని ఆవిడకొచ్చింది. ఆ ఇంటి మొట్టమొదటి పొదుపు ఆవిడ ఒంట్లోంచి తీసింది. ఆయన గమనించలేదా అంటే, "తనే వద్దంది కదా" అన్నారు. మళ్ళీ పెట్టుకోవాలని తేలింది.

ఇక్కడ ఒక పరిశోధన గురించి చెప్పాలి. 2000లో నియాల్ బోల్గర్, ఆయన సహచరులు న్యూయార్క్ బార్ పరీక్షకు చదువుతున్నవాళ్ళ చేత, వాళ్ళ జీవిత భాగస్వాముల చేత రోజూ డైరీలు రాయించారు. చదువుతున్న మనిషి "ఇవాళ నాకు సాయం అందింది" అని రాసిన రోజుల్లో దిగులు తగ్గలేదు. భాగస్వామి "చేశాను" అని రాసి, చదువుతున్న మనిషి దాన్ని గుర్తించని రోజుల్లో దిగులు తగ్గింది. సాయం కంటికి కనబడితే నేను చేతకానివాణ్ణన్న భావన కూడా వెంటబడి వస్తుందని దానికి వాళ్ళు చెప్పిన వివరణ. మా రంగంలో దీన్ని అదృశ్య సాయం అంటారు, పరీక్షలకు చదివేవాళ్ళ ఇళ్ళలో చక్కగా పనికొస్తుంది.

మన ఇళ్ళలో మాత్రం దీన్ని సగమే చెప్పడం ప్రమాదం. కనబడకుండా చేయడం మాధవిగారికి ఎవరూ నేర్పనక్కర్లేదు, ఆవిడ అమ్మ దగ్గర చూసి పెరిగిందే అది. బార్ పరీక్ష కొన్ని వారాల్లో అయిపోతుంది, బి.ఇడి. రెండేళ్ళు. అన్ని రోజులు కనబడకుండా మోస్తే మోసేవాళ్ళ పీహెచ్‌క్యూ 13 అవుతుంది. అందుకని చేస్తున్నవన్నీ కాగితం మీద పెట్టి రెండుగా విడదీశాం. ఆయనకు తెలియనక్కర్లేనివి: చదివేటప్పుడు పిల్లలను పక్క గదిలోకి తీసుకెళ్ళడం, ఆయన లెసన్ ప్లాను బల్ల మీద కనబడితే ఏమీ అడగకపోవడం, ఇరవై రెండేళ్ళ పిల్లలతో కలిసి క్లాసులో కూర్చొచ్చిన రోజు ఎలా ఉందని గుచ్చకపోవడం. ఇద్దరికీ తెలిసి తీరాల్సినవి: డబ్బు, బీమా, ఇంటి చాకిరీ, బయటివాళ్ళకు ఏం చెప్పాలి. రెండో వైపున ఉన్నది ఏదీ ఇక ఒక్కరు మోయడానికి లేదు.

బయటివాళ్ళకు చెప్పే మాట ఇద్దరూ కలిసి తయారుచేశారు: "ఐటీ మానేసి బి.ఇడి. చదువుతున్నారు, లెక్కల టీచరు అవుతారు." ఇందులో ఎక్కడా క్షమాపణ లేదు, సంజాయిషీ లేదు. మాధవిగారు దీన్ని మొదట చెన్నైలో ఉన్న చెల్లెలి మీద ప్రయోగించారు, తర్వాత చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టారు. ఇద్దరు బొటనవేళ్ళు పెట్టారు, ఒకరు "ఫైర్ చేశారా" అని విడిగా ఫోన్ చేసి అడిగారు. ఆవిడ అదే వాక్యం మళ్ళీ చెప్పారట. కూతురు ఒక్క సెషన్‌కు వచ్చింది. దాని ఇబ్బందల్లా నాన్న మెడలో కాలేజీ ఐడీ కార్డుతో అపార్ట్‌మెంటు గేటు దాటడం. కార్డు జేబులో పెట్టుకుంటానన్నారు ఆయన, అయిపోయింది.

డబ్బు తరుగును పూడ్చింది ట్యూషన్లు, కొంతవరకు మెట్రో. 2023 అక్టోబరు దాకా వైట్‌ఫీల్డ్ పర్పుల్ లైను కె.ఆర్.పురం దగ్గర ఆగేది, అక్కడ దిగి ఫీడర్ బస్సులో బైయ్యప్పనహళ్ళి వెళ్ళి మళ్ళీ ఎక్కాలి. ఆ మధ్య ముక్క కలిశాక ఆయన సాయంత్రం అయిదుకల్లా ఇంట్లో ఉండగలిగారు. ఆరు నుంచి ఎనిమిది దాకా హాల్లో ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు లెక్కలు, నెలకు 18,000. హాలు పోయిందని మాధవిగారు విసుక్కున్నారు, అలసిపోయి వస్తే కూర్చోడానికి చోటుండదు. ఆ విసుగు ఆదివారం బల్ల మీదికి వచ్చింది, ఆ రోజే తేలింది: శుక్రవారం ట్యూషన్ లేదు. వంటమనిషి ఆరు వేలు పోగా తరుగు 51,000కు దిగింది. ఆ ఆరు నెలల ఖర్చు ముట్టకుండా ఎప్పటిదాకా నడుస్తుందో లెక్క చూశారు. గీత 2025 ఫిబ్రవరి చివర పడింది. అప్పటికి జీతం రాకపోతే ఆయన ఐటీలో కాంట్రాక్టు పని పట్టుకోవాలి, ఎంత చిన్నదైనా. రాసి ఇద్దరూ సంతకం పెట్టారు. సంతకం నా ఆలోచన కాదు, పేరోల్ మనిషిది.

ఆరు నెలల తర్వాత ఆవిడ పీహెచ్‌క్యూ 7కు వచ్చింది. 2024 జూలైలో ఆయన సీటెట్ (కేంద్ర టీచరు అర్హత పరీక్ష) రెండో పేపరు రాశారు, లెక్కలు-సైన్సు, రెండో భాషగా తెలుగు పెట్టుకుని. 150కి 90 వస్తే అర్హత, 104 వచ్చాయి. ఆ ఇరవై వారాల ఇంటర్న్‌షిప్‌లో రెండో ఏడాదికి వచ్చే పదహారు వారాల్లో మొదటి వారం ఎనిమిదో తరగతి పిల్లలు ఆయనను ఏడిపించినంత పని చేశారు. ఆ రాత్రి ఆయన ఇంటికొచ్చి భార్యతో ఏమీ అనలేదు, ఆవిడ ఏమీ అడగలేదు, దోసెలు వేసి పెట్టారు. అది సరిగ్గా మొదటి వైపు సాయం.

2025 ఫిబ్రవరిలో వైట్‌ఫీల్డ్ అవతల ఒక ప్రైవేటు స్కూలు నుంచి ఆఫర్ వచ్చింది, నెలకు 47,000, చేరడం జూన్‌లో. గీత మాత్రం ఫిబ్రవరి చివరే. ఇంకో మూడు నెలలే కదా, వద్దులెండి అన్నారు మాధవిగారు ఒక రాత్రి. ఆయన ఒప్పుకోలేదు. మార్చి నుంచి మే దాకా పాత స్నేహితుడి దగ్గర కాంట్రాక్టు పని చేశారు, ప్రతిరోజూ తిట్టుకుంటూ. ఆ మూడు నెలలు ఈ కాపురానికి నా సెషన్లన్నిటికంటే ఎక్కువ మేలు చేశాయని నా అభిప్రాయం. మాట మీద నిలబడటం అంటే ఏంటో ఆవిడకు ఇంట్లోనే కనబడింది, తొలిసారి.

ఆఫర్ లెటరు ఈసారి ఆవిడే చదివారు, పెన్ను పట్టుకుని. పీఎఫ్ ఏ బేసిక్ మీద కడతారు? ప్రైవేటు స్కూలు టీచర్లకూ గ్రాట్యుటీ హక్కుంది, 2009 సవరణ దాన్ని 1997 నుంచి వర్తించేలా చేసింది, 2022లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది, మరి లెటర్లో ఆ ఊసు ఎందుకు లేదు? విద్యాహక్కు చట్టం 28వ సెక్షను టీచర్లు ప్రైవేటు ట్యూషన్లు చెప్పకూడదంటుంది కాబట్టి ఆ 18,000 జూన్‌తో ఆగిపోతాయి. ఆవిడ జీతం అప్పటికి లక్ష. కట్టిచూస్తే ఇంకా నెలకు 14,000 తరుగు. దానికి శ్రీధర్‌గారు ప్రొద్దుటూరు దగ్గర కొన్న సైటు అమ్మి అప్పులో కొంత కట్టేస్తామన్నారు. ఫ్లోటింగ్ రేటు గృహరుణం ముందే కడితే వ్యక్తుల దగ్గర బ్యాంకులు జరిమానా వసూలు చేయకూడదని రిజర్వ్ బ్యాంకు 2012లోనే చెప్పింది కాబట్టి దాని మీద నష్టం లేదు. సైటు సంగతి తెలిశాక ప్రొద్దుటూరు నాన్నగారు మనవరాలితో కూడా రెండు వారాలు ముభావంగా ఉన్నారు. ఆయనను ఒప్పించడం నా పని కాదని మొదట్లోనే చెప్పాను, ఇప్పటికీ ఆయన ఒప్పుకోలేదు.

ఈ పద్ధతి అన్ని జంటలకూ వాడను. ఉద్యోగం తీసేయగా వచ్చిన మార్పయితే ముందు ఆ దెబ్బకు సమయమివ్వాలి, ఎక్సెల్ షీటు తర్వాత. వృత్తి మారుతున్న మనిషి పీహెచ్‌క్యూ పదిహేను దాటితే సైకియాట్రిస్టు చూసేదాకా పెద్ద నిర్ణయాలన్నీ ఆపమంటాను. మానసిక వైద్యానికి నిమ్హాన్స్ ఆసుపత్రి ఊళ్ళోనే ఉంది, అంతదూరం వెళ్ళలేనివాళ్ళకు ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ 14416 తెలుగులో కూడా మాట్లాడుతుంది. దాచిన అప్పు బయటపడితే గీత గీయడానికి కూర్చోబెట్టను. అలాంటి చోట భార్య చెప్పే ఏ సరేనూ నేను సరేగా తీసుకోను, అప్పు మొత్తం కాగితం మీదికి వచ్చి ఇద్దరూ చూసేదాకా.